మన ఊర్ల డెంగ్యూ మోరీలో లేదు, గోళెంలో ఉంది

వానలు మొదలై ఊర్లో నలుగురికి జ్వరాలు రాగానే అందరి చూపూ మోరీ మీదికే పోతుంది. మోరీ తీయలేదని, బ్లీచింగ్ చల్లలేదని, ఫాగింగ్ మిషన్ రాలేదని పంచాయతీ సెక్రటరీని నిలదీస్తారు. మోరీ తీయించాల్సిందే, అందులో వాదన లేదు. కానీ మోరీ మురికిలో పెరిగేది క్యూలెక్స్ దోమ. రాత్రి చెవి దగ్గర రొద పెట్టి కుట్టేది అదే. నల్లగొండకు ఎప్పటినుంచో తెలిసిన బోదకాలును మోసేదీ అదే. డెంగ్యూ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమకు ఆ మురికి నచ్చదు. దానికి మనం తాగేలాంటి తేట నీళ్ళు కావాలి, నీడ కావాలి, గుడ్లు అంటించడానికి కాస్త గరుకు గోడ కావాలి. ఈ మూడూ ఒక్కచోట దొరికేది మన ఇంటి వెనక గోళెంలో, హౌజులో, రెండొందల లీటర్ల నీలం డ్రమ్ములో.

నల్లగొండ, పాలమూరు కరువు జిల్లాలు కదా, నీళ్ళే లేని చోట దోమల జబ్బులెందుకు వస్తాయని అడిగేవాళ్ళున్నారు. నీళ్ళకు కరువున్న చోటే నీళ్ళు దాచుకుంటారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు బోరు నీళ్ళు ఫ్లోరైడ్ వల్ల తాగడానికి పనికిరాక, మంచినీళ్ళు ఎక్కడినుంచో తెచ్చి ఇంట్లో నింపి పెట్టుకోవడం తరాల అలవాటు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి, 2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభించిన మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లా వచ్చింది. అయినా ఏ వేళకు వస్తుందో, ఎప్పుడు పైపు పగిలి రెండ్రోజులు ఆగిపోతుందో తెలియనప్పుడు ఏ ఇల్లాలూ డ్రమ్మును ఖాళీగా ఉంచదు. అందులో ఆమె తప్పేమీ లేదు. నిండు వేసవిలో, మోరీలు ఎండిపోయి పగుళ్ళిచ్చిన మే నెలలో కూడా మన ఊర్లలో డెంగ్యూ కనపడటానికి కారణం ఈ దాచిన నీళ్ళే. అందుకే ఊరికి అవగాహన లేదని తిట్టేవాళ్ళ మాట నాకు రుచించదు. ఆ నీళ్ళు దాచుకుంటూనే దోమను ఎట్లా ఆపాలో చెప్పాలి.

ముందు గుడ్ల సంగతి. ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. ఏడిస్ ఆడదోమ గుడ్లను నీళ్ళ మీద వదలదు. నీటి అంచుకు కొంచెం పైన, తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటిగా అంటిస్తుంది. డ్రమ్ములో నీళ్ళు సగానికి తగ్గినప్పుడు టార్చి వేసి, నిన్నటిదాకా నీళ్ళున్న గుర్తు దగ్గర చూడండి. ఆవగింజలో సగం కూడా లేని నల్లటి చుక్కలు గీతలాగా కనపడితే అవే. పెట్టినప్పుడు తెల్లగా ఉంటాయి, కొన్ని గంటల్లో నల్లబడతాయి. వేలితో రుద్దితే నాచులాగా జారిపోవు, గట్టిగా పట్టుకుని ఉంటాయి. నీళ్ళు ఎండిపోయినా అవి చావవు. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఎండు గోడకే అంటుకుని బతుకుతాయి. మళ్ళీ నీళ్ళు వచ్చి తగలగానే పొదుగుతాయి. కొన్ని గుడ్లలోకి తల్లి దోమ నుంచే వైరస్ చేరి ఉంటుంది కూడా.

దీనివల్ల రెండు సంగతులు తేలుతాయి. మొదటిది, డ్రమ్ము ఒంపేసి మళ్ళీ నింపితే పని అయినట్టు కాదు. గుడ్లు గోడకే ఉన్నాయి, కొత్త నీళ్ళు తగలగానే మళ్ళీ మొదలు. "మేం ప్రతి వారం నీళ్ళు మారుస్తున్నాం, అయినా పురుగులొస్తున్నాయి" అనే ఇండ్లలో జరుగుతున్నది ఇదే. రెండోది, నల్లా రోజు విడిచి రోజు వస్తే నీటిమట్టం దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. దిగినప్పుడు దోమకు తడి గోడ దొరుకుతుంది, ఎక్కినప్పుడు గుడ్లకు నీళ్ళు దొరుకుతాయి. సక్రమంగా రాని నల్లా ఏడిస్‌కు చేసే మేలు అంతా ఇంతా కాదు.

మన వేడికి గుడ్డు పొదిగిన దగ్గర్నుంచి రెక్కల దోమ ఎగిరిపోయేదాకా ఏడు నుంచి పది రోజులు. లార్వాగా, అంటే నీళ్ళలో మెలికలు తిరిగే పురుగుగా నాలుగైదు రోజులు, ప్యూపాగా, అంటే రెక్కలు రాకముందు దశలో రెండు రోజులు. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ళ పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు అని ఆశా వర్కర్లు చెప్పడం వెనక లెక్క ఇదే. ఎనిమిది రోజుల సందు ఇవ్వకూడదు. రోజు ఏదైనా పరవాలేదు, వారానికి ఒక్కరోజు తప్పకపోవడం ముఖ్యం.

ఆ రోజు చేయాల్సిన పని ఇట్లా. డ్రమ్ములో నీళ్ళు వాడి అడుగుకు తేవాలి. మిగిలిన నీళ్ళను మోరీలో పోయొద్దు, ఎండు నేల మీద పలచగా పారబోయాలి. మట్టిలో ఇంకిపోగానే లార్వా చస్తుంది, మోరీలో పోస్తే కొంత బతికి బయటపడొచ్చు. తర్వాత గుప్పెడు బట్టల సబ్బు పొడిలో బ్లీచింగ్ పౌడర్ కలిపి, కొద్ది నీళ్ళతో ముద్దలా చేసి, నీటి గీత దగ్గర, అంచు కింద, డ్రమ్ము లోపలి ఉంగరాల మడతల్లో పూయాలి. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోవాలి, పిల్లల్ని దూరం ఉంచాలి, గాలి ఆడే చోట చేయాలి. పావుగంట ఆగి కొబ్బరి పీచుతోనో గరుకు బ్రష్షుతోనో పై నుంచి కిందికి బలంగా తోమాలి. ఉత్త చేత్తో కడిగితే గుడ్లు ఊడవు. కడిగిన నీళ్ళు కూడా ఎండు నేల మీదికే. ఆ తర్వాత డ్రమ్మును బోర్లించి పూట ఎండలో పెట్టాలి. సిమెంటు హౌజును బోర్లించలేం కాబట్టి తోమి, గుడ్డతో తుడిచి, ఎండనివ్వాలి.

నీళ్ళు పారబోసేంత పుష్కలంగా లేని ఇంట్లో ఇది ఎట్లా? రెండు మార్గాలున్నాయి. ఒకటి, రెండు డ్రమ్ములుంటే రెండింటినీ ఒకేసారి ముట్టుకోకుండా ఒకదాన్ని మంగళవారం, ఒకదాన్ని శుక్రవారం వంతులు పెట్టుకోవడం. రెండోది, నూలు గుడ్డను రెండు మడతలు వేసి బిందె మూతికి కట్టి, ఆ నీళ్ళను వడగట్టి మార్చడం. లార్వా, ప్యూపా గుడ్డలో ఉండిపోతాయి, దాన్ని ఎండలో ఆరేస్తే చాలు. స్నానానికి, గిన్నెలకు ఆ నీళ్ళు నిక్షేపంగా పనికొస్తాయి.

మూత విషయంలో చాలా ఇండ్లు మోసపోతాయి. సగం కప్పిన రేకు ముక్క, పక్కకు జరిగిన చెక్క పలక దోమకు అడ్డు కావు. పైపెచ్చు లోపల చీకటి చేసి దానికి ఇంకా అనువుగా మారుస్తాయి. పెన్సిల్ దూరే సందు చాలు. దళసరి నూలు గుడ్డను డ్రమ్ము మూతి కన్నా జానెడు పెద్దగా కత్తిరించి, బిగుతుగా లాగి, అంచు కింద పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాలి. గుడ్డ మధ్యలో కుంగి నీళ్ళకు తగలకూడదు. తడిసిన గుడ్డ మీదే దోమ గుడ్లు పెట్టేస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ము బిగుతు మూతల పైన ఒక గుంట ఉంటుంది, వాన నీళ్ళు అందులోనే నిలుస్తాయి. మూత పెట్టామనే ధైర్యంతో దాన్ని ఎవరూ చూడరు. మిద్దె మీది ట్యాంకుకు మూతతోపాటు గాలి గొట్టానికి, పొంగు గొట్టానికి నైలాన్ జాలీ కట్టాలి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికీ కడితే క్యూలెక్స్ కూడా తగ్గుతుంది.

ఇక నల్లా గుంత. పైపులో ప్రెషర్ తక్కువైతే నల్లాను భూమికి రెండడుగుల లోతుకు దించి గుంత తవ్వుకుంటాం. బిందె నింపేటప్పుడు ఒలికిన నీళ్ళు అందులో చేరతాయి, తేటగా, నీడలో ఉంటాయి. ఊరి సర్వేలో నేను అన్నిటికన్నా ముందు చూసేది ఇదే, ఎందుకంటే ఇంటివాళ్ళు దీన్ని నీళ్ళ పాత్రగా లెక్కవేయరు. నీళ్ళు పట్టుకోగానే మగ్గుతో తోడి, అడుగున నీళ్ళు పైకి కనపడనంత ఎత్తు కంకర పోసి, పైన పలక కప్పితే సరిపోతుంది. భగీరథ వాల్వు గుంతలు, లీకయ్యే మీటరు పెట్టెలు పంచాయతీ పని.

తోమడానికి వీల్లేని పెద్ద హౌజులకు, పశువుల గాబులకు లార్వాను చంపే టెమిఫాస్ మందు ఉంది. అబేట్ అంటే ఆరోగ్య శాఖలో అందరికీ తెలుసు. ఇందులో రెండు రూపాలున్నాయి, కలగలపకూడదు. తాగే, వాడుకునే నీళ్ళకు ఒక శాతం ఇసుక గుళికలే వేయాలి. 100 లీటర్లకు 10 గ్రాములు, అంటే డ్రమ్ముకు 20 గ్రాములు. లీటరుకు ఒక మిల్లీగ్రాము మందు పడే లెక్క ఇది, తాగే నీళ్ళలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న గరిష్ఠం కూడా అంతే. 50 శాతం ద్రవం మోరీలకు, గుంటలకు. 10 లీటర్ల నీళ్ళలో రెండున్నర మిల్లీలీటర్లు కలిపి చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున కొట్టాలి. ఆ ద్రవాన్ని ఇంటి హౌజులో అందాజుగా పోసేయడం ఎక్కడైనా కనపడితే ఆపించండి.

హౌజులో ఎన్ని నీళ్ళున్నాయో తెలియకపోతే మోతాదు తెలియదు. అడుగుల్లో పొడవు, వెడల్పు, నీటి లోతు గుణించి 28తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. నాలుగు అడుగుల పొడవు, మూడు వెడల్పు, మూడు లోతు ఉన్న హౌజుకు 36 ఘనపుటడుగులు, సుమారు వెయ్యి లీటర్లు, 100 గ్రాముల గుళికలు. సిమెంటు రింగు గాబు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అడ్డుకొలతను అడ్డుకొలతతోనే గుణించి, లోతుతో గుణించి, 22తో హెచ్చించాలి. మూడడుగుల అడ్డుకొలత, రెండున్నర అడుగుల లోతైతే దాదాపు 500 లీటర్లు, 50 గ్రాములు. గుళికలను చిన్న నూలు సంచిలో కట్టి వేలాడదీస్తే కడిగేటప్పుడు తీసి మళ్ళీ వేయొచ్చు. కదిలించకపోతే రెండు మూడు నెలలు పనిచేస్తుంది. చాలాచోట్ల ఎక్కడ చెడిపోతుందంటే, మందు వేసి సిబ్బంది వీధి మలుపు తిరగకముందే వాసనకు భయపడి ఇంటివాళ్ళు నీళ్ళు ఒంపేస్తారు, కొత్త నీళ్ళు నింపుతారు. పుస్తకంలో మాత్రం ఆ ఇంటికి మందు వేసినట్టే ఉంటుంది. వేసే ముందు రెండు నిమిషాలు కూర్చుని చెప్పకపోతే ఇది ప్రతి ఊర్లో జరుగుతుంది. ఇంకొకటి, ప్యూపా తినదు, దాని మీద మందు పెద్దగా పనిచేయదు. తలబరువుతో కామా ఆకారంలో దొర్లుతున్న ప్యూపాలు కనపడితే రెండు రోజుల్లో దోమలు లేస్తాయని అర్థం, మందు కోసం ఆగకుండా ఆ నీళ్ళను అప్పుడే వడగట్టాలి.

తాగునీటికి వేసే మామూలు క్లోరిన్ మోతాదుకు లార్వా చావదు. బ్లీచింగ్ వేశాం కదా అని ధీమా వద్దు.

పశువుల గాబుకు, వాడని బావికి గప్పీ, గంబూషియా చేపలు మేలైన పరిష్కారం. గంబూషియాను మన దేశానికి 1928లోనే తెచ్చారు. ఒక్కో చేప రోజుకు వంద దాకా, అంతకు మించి కూడా లార్వాను తింటుంది. కానీ గంబూషియాను చెరువులో, వాగులో వదలొద్దు, అక్కడి చిన్న చేపల పిల్లల్ని తినేస్తుంది. గాబుకు గప్పీ చాలు. గాబును బ్లీచింగ్‌తో కడిగేటప్పుడు చేపల్ని బకెట్లోకి తీయడం మరవకూడదు, క్లోరిన్‌కు అవి ఆగవు.

ఇంటి చుట్టూ మిగతావి తొందరగా చెబుతాను. తాటివనం పక్కన పారేసిన పాత కల్లు లొట్లు, వాకిట్లో వాడని రోలు, పంక్చరు దుకాణం టైర్లు, ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు తొట్టి. బోర్లించేవి బోర్లించాలి, రోలును ఇసుకతో నింపాలి, టైర్లను పైకప్పు కిందికి చేర్చాలి. కూలరును చలికాలానికి మూల పడేసేటప్పుడు తోమి ఆరబెట్టకపోతే గుడ్లు వచ్చే వేసవి దాకా దాంట్లోనే కాచుకుని ఉంటాయి.

కొత్తిల్లు కట్టేచోట ఆగాలి. స్లాబు పోసి, చుట్టూ మాలుతో గట్లు కట్టి వారం నుంచి రెండు వారాలు నీళ్ళు నిలబెడతాం. దోమ పుట్టడానికి పట్టే కాలం కూడా సరిగ్గా అంతే. గట్లకు బదులు తడి గోనెసంచులు పరిచి రోజుకు మూడుసార్లు తడిపితే స్లాబుకు లోటుండదు, నిలువ నీళ్ళూ ఉండవు. గట్లే కావాలనుకుంటే ఐదో రోజు గట్టు తెంపి నీళ్ళు వదిలేసి, గోనెలు కప్పి స్లాబు తడి ఆరకుండా చూసుకుని, మళ్ళీ నింపాలి. హైదరాబాద్, ముంబై, పుణె కట్టడాల దగ్గర పాలమూరు కూలీలు ఇట్లాంటి నీళ్ళ పక్కనే రేకుల గుడిసెల్లో పండుకుంటారు. పండగకు ఊరికి వచ్చేటప్పుడు ఒంట్లో వైరస్ ఉన్నా జ్వరం ఇంకా తేలకపోవచ్చు, దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు గానీ జ్వరం రాదు. దసరా, బతుకమ్మకు ఊరు నిండే రోజులూ మన దగ్గర డెంగ్యూ ముదిరే రోజులూ ఒకటే కావడం ఆ కుటుంబాలకు పెద్ద దెబ్బ. ఊరికి వచ్చినవాళ్ళను అనుమానంగా చూడటం అన్యాయం. జ్వరమొస్తే వెంటనే పరీక్ష, పగలు కూడా దోమతెర, ఇవి చేస్తే చాలు.

బడులదీ ఇదే లెక్క. దసరా సెలవుల్లో బడి ట్యాంకు, మరుగుదొడ్ల తొట్లు, హాండ్‌వాష్ గుంతలు కదలకుండా పది రోజులకు పైగా ఉంటాయి. ఏడిస్ పగలు కుట్టే దోమ, ఉదయం ఎండ ఎక్కేముందు, సాయంత్రం పొద్దుగూకే ముందు ఎక్కువ. పిల్లలు బడిలో ఉండేదీ పగలే. సెలవులయ్యాక మొదటి గంట కొట్టే ముందురోజే ట్యాంకులు ఖాళీ చేసి తోమించాలి. గురుకులాల్లో మరీను.

ఫాగింగ్ గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. పొగ బండి పొద్దుగూకాక మెయిన్ రోడ్డు మీద వెళ్ళిపోతే అది ఊరి మనసు నిమ్మళానికే తప్ప డెంగ్యూకు కాదు. ఏడిస్ రోడ్డు మీద ఉండదు. దండెం మీది బట్టల వెనక, మంచం కింద, బీరువా సందులో కూర్చుంటుంది. వీధిలో పొగ కొడుతుంటే ఇంట్లోకి వస్తుందని జనం తలుపులు మూస్తారు, దోమ లోపల భద్రంగా ఉంటుంది. పొగ లార్వాను ముట్టదు, గుడ్లను అసలే ముట్టదు, వారంలో కొత్త దోమలు లేస్తాయి. డెంగ్యూ తేలిన ఇంటికీ చుట్టుపక్కల యాభై ఇండ్లకూ లోపల పైరెత్రం అనే దోమల మందు పిచికారీ చేయడం మాత్రం పనికొచ్చే పని. రెండు శాతం పైరెత్రం ఒక పాలు, కిరోసిన్ పంతొమ్మిది పాళ్ళు కలిపి, పొయ్యి ఆర్పి, తిండి నీళ్ళు కప్పి, మనుషుల్ని బయటికి పంపి గదిలో కొట్టి, అరగంట తలుపులు మూసి ఉంచాలి. ఏడిస్ మామూలుగా వంద రెండొందల మీటర్లకు మించి ఎగరదు. రోగి ఇంట్లో దోమ లేకపోతే పక్కింట్లో ఉంటుంది, పక్క ఊర్లో ఉండదు. అదే రోజు ఆ యాభై ఇండ్ల డ్రమ్ములన్నీ తోమించకపోతే పిచికారీ కూడా వృథా.

జ్వరం వచ్చాక చేసే పొరపాట్లే ప్రాణం మీదికి తెస్తాయి కాబట్టి ఇది కొంచెం నెమ్మదిగా చదవండి. మొదటి ఐదు రోజుల్లో రక్తంలో వైరస్ జాడను పట్టే ఎన్‌ఎస్-1 పరీక్ష, ఐదు రోజులు దాటాక వైరస్‌కు ఎదురుగా ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను పట్టే ఐజీఎం. మూడో రోజున ఐజీఎం చేయించి నెగటివ్ వచ్చిందని ఊరుకోవడం, ఏడో రోజున ఎన్‌ఎస్-1 చేయించి డెంగ్యూ కాదనుకోవడం రెండూ తప్పే. అక్కడికక్కడే చేసే కార్డు పరీక్ష అనుమానానికి, ల్యాబులో చేసే ఎలైసా నిర్ధారణకు. ఎలైసాను నమూనాలు కొన్ని చేరాక ఒక ప్లేటు మీద కలిపి నడుపుతారు, ఫలితానికి రోజు రెండు రోజులు పట్టొచ్చు. ఆ కాగితం కోసం వైద్యం ఆపొద్దు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దలకు 650 మాత్ర ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు దాటకుండా. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. సిరప్ 5 మిల్లీలీటర్లకు 125, 250 అని రెండు బలాల్లో దొరుకుతుంది. పది కిలోల పాపకు 125ది 5 మిల్లీలీటర్లు, 250ది రెండున్నరే. సీసా మారి మూత కొలత మారకపోతే మందు రెట్టింపు పడుతుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దే వద్దు, ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు వేసే సూదిలో తరచుగా ఉండేది డైక్లోఫెనాక్, దాంతోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. అడిగి మరీ సూది వేయించుకునే అలవాటు మనదే. జ్వర కాలంలో పిర్ర మీద, జబ్బ మీద ఏ సూదీ వేయించుకోవద్దు.

జ్వరం తగ్గిన రోజునే అసలు జాగ్రత్త మొదలవుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, మనిషిని చేనుకు పంపుతారు. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లోనే రక్తనాళాల నుంచి నీరు బయటికి కారి బీపీ పడిపోయే ప్రమాదం. ఆగని కడుపునొప్పి, వరుస వాంతులు, చిగుళ్ళు ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం, మగతగా లేదా చిరాకుగా మారడం, చేతులు కాళ్ళు చల్లబడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఒక్కటి కనపడినా, గర్భిణికి, పసిబిడ్డకు, షుగరు ఉన్నవాళ్ళకు అవి లేకున్నా, పెద్దాసుపత్రికే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ఇప్పుడు మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి.

ప్లేట్‌లెట్ల మీద ఊరంతటికీ భయం. కానీ డాక్టరు ముందు చూసేది అదే రక్తపరీక్ష రిపోర్టులో రక్తం చిక్కదనం చెప్పే పీసీవీ లేదా హెమటోక్రిట్ అనే గీతను. మొదటి రోజుల్లో 36 ఉన్నది 43, 44కు ఎక్కిందంటే ఇరవై శాతం పెరిగినట్టు, అంటే రక్తంలో నీరు బయటికి పోతున్నట్టు. ప్లేట్‌లెట్లు లక్ష నుంచి యాభై వేలకు వచ్చినా రక్తస్రావం లేకుండా, పీసీవీ కదలకుండా ఉంటే ఎక్కించాల్సిన పని లేదు. పది వేల కిందికి పోయినప్పుడో, రక్తం కారుతున్నప్పుడో ఆలోచించే సంగతి అది. కోలుకునేటప్పుడు అవి వాటంతటవే పెరుగుతాయి. అందుకే మూడో రోజు నుంచి రోజూ సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించి, పాత కాగితాలన్నీ ఒకే కవర్లో పెట్టుకుని వెళ్ళండి. పాత సంఖ్య లేకుంటే కొత్త సంఖ్యకు అర్థం లేదు. బొప్పాయి ఆకు రసానికి బలమైన ఆధారం లేదు. దాన్ని నమ్మి ఆసుపత్రికి ఆలస్యం చేస్తేనే నష్టం.

నోటితో తాగగలిగినంత కాలం ఓఆర్‌ఎస్, గంజి, ఉప్పేసిన మజ్జిగ, అంబలి, కొబ్బరి నీళ్ళు. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్టు మొత్తం ఒకే లీటరులో కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు. నీరసమని ఊర్లోనే వరుసగా గ్లూకోజు సీసాలు ఎక్కించుకోవడం ప్రమాదం. బయటికి కారిన నీరు రెండ్రోజుల తర్వాత తిరిగి రక్తంలోకి వస్తుంది, అప్పటికే సీసాలు ఎక్కి ఉంటే ఊపిరితిత్తులు నిండిపోతాయి.

డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలు. ఒకటి వచ్చిపోతే ఆ రకానికే జీవితాంతం రక్షణ. రెండోసారి వేరే రకం వస్తే తీవ్రం కావచ్చు. కాబట్టి పోయినేడు వచ్చింది, ఇక రాదు అనేది తప్పు మాట. భారతదేశంలో తయారైన డెంగ్యూ టీకా మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో మొదలయ్యాయి. చికున్‌గున్యా ప్రాణం తీయడం అరుదు గానీ కూలికి పోయే చేతులను నెలలు కట్టేస్తుంది. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదైన ఏడు, కీళ్ళు పట్టేసి నాట్లకు వంగలేకపోయిన ఇండ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోకొల్లలు. జ్వరం మొదలైన ఐదారు రోజులు రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ రోజుల్లో పగలు పండుకున్నా దోమతెరలోనే ఉండాలి. అతన్ని కుట్టిన దోమకు ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో వైరస్ పట్టి, బతికినన్నాళ్ళూ అంటిస్తూనే ఉంటుంది.

సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, జూరాల కింద గద్వాల దిక్కు ఇంకో లెక్క ఉంది. వరి మడుల్లో పెరిగే ఇంకో రకం క్యూలెక్స్ దోమలు మోయగల మెదడువాపు జబ్బు జపనీస్ ఎన్‌కెఫలైటిస్. వైరస్ కొంగల్లో ఉండి, పందుల్లో పెరిగి, దోమ ద్వారా పిల్లలకు వస్తుంది. ఈ దోమ పొద్దుగూకాక కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర దీనికి పనికొస్తుంది. పందుల దొడ్లు ఇండ్లకు దూరం ఉండాలి, వరికి వీలైనచోట ఆరుతడి పెడితే లార్వా తగ్గుతుంది. టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి. ఎంపిక చేసిన జిల్లాల్లోనే ఇస్తారు, మీ దగ్గర ఇస్తున్నారా అని ఏఎన్‌ఎంను అడగండి. పిల్లలకు మెదడువాపు తెచ్చే చాందీపుర వైరస్‌ది ఇంకా వేగం. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. దాన్ని మోసేది మట్టిగోడ పగుళ్ళలో, పేడకుప్పల దగ్గర ఉండే ఇసుక ఈగ. గోడ పగుళ్ళు పూడ్చడం, పెంటకుప్పను ఇంటి గోడకు ఆనించకపోవడం దీనికి మందు. పిల్లకు జ్వరంతో ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా తెల్లారేదాకా ఆగకుండా 108 పిలవాలి.

మిరుగం (మృగశిర కార్తె) రాకముందే ఊర్లో ఒక మధ్యాహ్నం ఈ పని చేయొచ్చు. ఇద్దరిద్దరు చొప్పున, టార్చి, తెల్లటి గిన్నె, ఒక కాగితం పట్టుకుని వంద ఇండ్లు తిరగాలి. డ్రమ్ము మీద మన నీడ పడితే లార్వా అడుక్కు దిగిపోతుంది, కదలకుండా రెండు మూడు నిమిషాలు ఆగితే ఊపిరికి పైకి వస్తుంది. తలకిందులుగా వేలాడుతూ, పొట్టి గొట్టంతో, పాములా మెలికలు తిరిగేది ఏడిస్. నీటిమట్టానికి సమానంగా పడుకుని ఉండేది మలేరియా దోమది. లార్వా దొరికిన పాత్రలు వంద ఇండ్లలో ఎన్నో లెక్కపెట్టాలి. అయిదు లోపుంటే ఫరవాలేదు, యాభై దాటితే ఊరు అంచున ఉన్నట్టేనని చాలాకాలంగా వాడుతున్న కొలత. పక్క గడిలో ఏ రకం పాత్రో కూడా రాయండి: డ్రమ్ము, హౌజు, నల్లా గుంత, రోలు. మీ ఊర్లో దోమ ఎక్కడ పుడుతున్నదో ఆ గడి చెబుతుంది, పనివాళ్ళను ఎటు పంపాలో తేలుతుంది. ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టి, ఫాగింగ్ మిషన్‌కు ముందు ఒకటి అడగండి: నల్లా ఏ వాడకు ఏ రోజు ఎన్ని గంటలకు వస్తుందో పంచాయతీ గోడ మీద రాయించాలి, మరమ్మతుకు ఆపితే ముందురోజు చాటింపు వేయించాలి. వేళ తెలిసిన ఇంట్లో రెండో డ్రమ్ము నింపి పెట్టుకోవాల్సిన అవసరం పడదు.